ఒక రాత్రి జైలు, 52 ఏళ్ల తర్వాత పింఛను: ప్రూడెన్స్ క్రాండల్ కేసులో ఏం తేలింది, ఏం తేలలేదు

2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఒక ఉత్తర్వు అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలా టెన్షన్ పుట్టించింది. తల్లి హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అక్కడ పుట్టే బిడ్డను పుట్టుకతోనే పౌరుడిగా గుర్తించబోమన్నది దాని సారాంశం. ఆ ఉత్తర్వు మీద వెంటనే కోర్టుల్లో కేసులు పడ్డాయి. అప్పటినుంచి వార్తల్లో, వాట్సాప్ గ్రూపుల్లో పదేపదే వినిపిస్తున్న మాట, అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులని చెప్పే 14వ రాజ్యాంగ సవరణ.

1868లో ఆ సవరణ ఎందుకు తేవాల్సి వచ్చిందని తవ్వుకుంటూ వెళ్తే 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పు తగులుతుంది. నల్లజాతివాళ్లు అమెరికా పౌరులు కాలేరని సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. ఆ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టేనీ తన మాటకు బలంగా చూపించిన పాత కేసుల్లో ఒకటి ఒక బడి పంతులమ్మది. ఆవిడ పేరు ప్రూడెన్స్ క్రాండల్. ఆవిడ గురించి రాసేవాళ్లు చాలామంది "నల్లజాతి అమ్మాయిలకు చదువు చెప్పింది, జైలుకెళ్లింది, చివరికి కేసు కొట్టేశారు" అని మూడు ముక్కల్లో ముగిస్తారు. మూడూ నిజమే. కానీ కేసు కొట్టేయడం అంటే గెలవడమేనా అన్న దగ్గరే అసలు చిక్కుంది.

క్వేకర్ల ఇంట పుట్టి, బాప్టిస్టుగా మారిన అమ్మాయి

ప్రూడెన్స్ 1803 సెప్టెంబరు 3న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని హాప్‌కిన్‌టన్‌లో పుట్టింది. తండ్రి పార్డన్, తల్లి ఎస్తర్. వ్యవసాయ కుటుంబం, క్వేకర్ మతం. క్వేకర్లు క్రైస్తవుల్లో ఒక శాఖ. ప్రార్థనకు కూర్చున్నప్పుడు పూజారి ఉండడు, అందరూ మౌనంగా ఉంటారు, ఎవరి మనసులో దేవుడి మాట కదిలితే వాళ్లు లేచి మాట్లాడతారు. ఆ లేచేది మగవాళ్లే కానక్కర్లేదు. ఆడపిల్లలకు చదువు చెప్పించడం, బానిసత్వాన్ని పాపంగా చూడటం వాళ్ల ఇళ్లలో మామూలు సంగతులు. ప్రూడెన్స్ చదివింది కూడా ప్రావిడెన్స్ నగరంలో క్వేకర్లు నడిపే బోర్డింగ్ స్కూల్లోనే.

1830 ప్రాంతంలో ఆవిడ బాప్టిస్టు సంఘంలో చేరింది. ఈ పేరు మనకు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ప్రూడెన్స్ మాత్రం శాఖ మారినా పెంపకంలో అబ్బిన క్వేకర్ పట్టుదల వదులుకోలేదు.

1831లో కనెటికట్ రాష్ట్రంలోని కాంటర్‌బరీ అనే ఊరివాళ్లు తమ ఆడపిల్లలకు మంచి బడి కావాలని ఆవిడను పిలిచారు. ఊరి నడిబొడ్డున పెద్ద ఇల్లు కొని బోర్డింగ్ స్కూల్ తెరిచింది. చెల్లెలు అల్మైరా సాయంగా చేరింది. ఊరి పెద్దలు మెచ్చుకున్నారు. ఏడాది పాటు అంతా సవ్యంగా నడిచింది.

సారా హారిస్ అడిగిన సీటు

ప్రూడెన్స్ ఇంట్లో పనిచేసే మరియా డేవిస్ నల్లజాతి అమ్మాయి. బానిసత్వం రద్దు కావాలంటూ బోస్టన్‌లో విలియం లాయిడ్ గారిసన్ నడిపే 'లిబరేటర్' పత్రికను ఆ ఇంటికి తెచ్చింది ఆమే. ఆమె పెళ్లాడబోయే కుర్రాడి చెల్లెలు సారా హారిస్. 20 ఏళ్ల పిల్ల, చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేది, తండ్రి సొంత పొలం ఉన్న రైతు. 1832లో సారా వచ్చి ప్రూడెన్స్‌ను అడిగింది: ఇంకాస్త చదువుకుంటే మా పిల్లలకు చదువు చెప్పగలుగుతాను, నన్ను చేర్చుకుంటారా? చేర్చుకుంటే మీకు ఇబ్బంది అవుతుందనుకుంటే మాత్రం పట్టుబట్టను, అని కూడా అంది.

ప్రూడెన్స్ వెంటనే అవునని చెప్పలేదు. బైబిలు తెరిస్తే ప్రసంగి గ్రంథం నాలుగో అధ్యాయం మొదట్లోని మాటలు కంటపడ్డాయని, అణగారినవాళ్ల కన్నీళ్ల గురించి, వాళ్లను ఓదార్చే దిక్కు లేకపోవడం గురించి అక్కడ చదివానని తర్వాత ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. సారాను చేర్చుకుంది. ఊళ్లో ఒక పాస్టరు భార్య వచ్చి, ఆ పిల్లను పంపించకపోతే నీ బడి మునిగిపోతుందని హెచ్చరించింది. మునిగితే మునగనీ, సారాను మాత్రం పంపనని ప్రూడెన్స్ జవాబు.

తెల్లవాళ్ల తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించడం మొదలుపెట్టారు. ఆ దశలో చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆవిడ బోస్టన్ వెళ్లి గారిసన్‌ను కలిసింది. 1833 మార్చి 2న లిబరేటర్‌లో ప్రకటన వచ్చింది: ఇక నుంచి ఇది నల్లజాతి అమ్మాయిల కోసమే నడిచే బడి. భోజనం, వసతి కలిపి మూడు నెలలకు 25 డాలర్లు, సగం ముందే కట్టాలి. వ్యాకరణం, భూగోళం, చరిత్ర, రసాయన శాస్త్రం, ఖగోళ శాస్త్రం, బొమ్మలు గీయడం, పియానో, ఫ్రెంచి. ఆ పాఠాల జాబితాను ఆగి చదవాలి. కుట్టుపని, వంటపని నేర్పి ఇళ్లలో పనికి పంపే బడి కాదిది. ఊరివాళ్లకు అంత కోపం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఈ జాబితా చాలు.

'నల్ల చట్టం' ఏం చెప్పింది: ముగ్గురు అమ్మాయిల లెక్క

ముందు ఊరివాళ్లు పాత చట్టం ఒకదాన్ని దులిపి బయటికి తీశారు. పరాయి ఊరి మనిషి అనుమతి లేకుండా ఉంటే వారానికి 1 డాలరు 67 సెంట్లు జరిమానా, అప్పటికీ వెళ్లకపోతే కొరడా దెబ్బలు. ప్రావిడెన్స్ నుంచి వచ్చిన ఆన్ ఎలైజా హామండ్ అనే 17 ఏళ్ల విద్యార్థిని మీద దాన్ని వాడబోయారు. పక్క ఊళ్లో ఉండే శామ్యూల్ మే అనే పాస్టరు ఆ పిల్లకు పూచీకత్తు ఏర్పాటు చేశాడు. దెబ్బలైనా తింటాను గానీ వెళ్లనని ఆ పిల్ల కూడా గట్టిగా నిలబడింది.

అది పారకపోయేసరికి రాష్ట్ర శాసనసభలో కొత్త చట్టం తెచ్చారు. 1833 మే 24న ఆమోదం పొందింది. కబురు అందగానే కాంటర్‌బరీలో చర్చి గంటలు మోగించి, ఫిరంగి పేల్చి పండగ చేసుకున్నారు. దానికే తర్వాత 'నల్ల చట్టం' అని పేరొచ్చింది. "నల్లవాళ్లకు చదువు చెప్పడం నేరం" అని ఆ చట్టం అన్నదని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరిగ్గా అలా లేదు. రాష్ట్రంలో నివాసితులు కాని నల్లజాతివాళ్ల కోసం బడి పెట్టాలన్నా, వాళ్లకు చదువు చెప్పాలన్నా, చదువు కోసం ఇంట్లో పెట్టుకోవాలన్నా ఆ ఊరి అధికారుల్లో ఎక్కువమంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్నది అందులో మాట.

ముగ్గురు అమ్మాయిలను పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. సారా హారిస్ కనెటికట్‌లోనే ఉండే మనిషి. ఆమెకు పాఠం చెప్తే ఈ చట్టం ప్రకారం నేరం కాదు. ఆన్ ఎలైజా రోడ్ ఐలాండ్ నుంచి వచ్చింది, నల్లజాతి. ఆమెకు పాఠం చెప్పినా నేరమే, అన్నం పెట్టి గది ఇచ్చినా నేరమే. మూడో అమ్మాయి కూడా రోడ్ ఐలాండ్ నుంచే వచ్చింది, కానీ తెల్లమ్మాయి అనుకుందాం. ఆమెను చేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంటే సరిహద్దు దాటడం ఒక్కటే నేరం కాదు, రంగు ఒక్కటే నేరం కాదు. రెండూ కలిసినప్పుడే నేరం. కోర్టులో వాదనంతా ఈ ముడి చుట్టూనే తిరిగింది.

జరిమానా లెక్క కూడా చూడాలి. మొదటి నేరానికి 100 డాలర్లు, రెండోదానికి 200, ఆపైన ప్రతిసారీ రెట్టింపు. నాలుగోసారి పట్టుబడితే ఆ ఒక్కదానికే 800, మొత్తం 1,500. బడిలో 20 మంది ఉన్నారనుకుంటే మూడు నెలలకు వచ్చే ఫీజు 500. అందులోంచే వాళ్ల తిండి, కట్టెలు, పుస్తకాలు. అంటే నాలుగు నేరాలకు తొమ్మిది నెలల రాబడి మొత్తం ఊడ్చుకుపోతుంది. చట్టం బడిని మూసేయమని ఎక్కడా చెప్పలేదు. నడపలేని స్థితికి తీసుకొచ్చింది.

జైలు గదిలో ఒక రాత్రి

1833 జూన్ 27న షెరిఫ్ వచ్చి ప్రూడెన్స్‌నూ అల్మైరానూ అరెస్టు చేశాడు. అల్మైరాను వదిలేశారు. ప్రూడెన్స్‌కు జామీను కట్టడానికి మిత్రుల దగ్గర డబ్బుంది, అయినా ఆ రోజు కట్టలేదు. ముందే మాట్లాడుకున్నారు. బ్రూక్లిన్ (న్యూయార్క్‌లోది కాదు, కనెటికట్‌లో పక్క ఊరు) జైలు గదిని కడిగించి, మంచం పరుపు వేయించారు. అంతకుముందు ఆ గదిలో ఉరిశిక్ష పడిన ఒక హంతకుడు ఉన్నాడు. లోపలికి వెళ్లబోయే ముందు మే పాస్టరు భయంగా ఉందా అని అడిగితే, తనను జైల్లో పెట్టరేమోనన్నదే తన భయమని ఆవిడ అంది. మర్నాడు జామీను కట్టి బయటికొచ్చింది.

పేరు కోసం ఆడిన నాటకమని వ్యతిరేకులు అప్పుడే అన్నారు. ముందుగా ఆలోచించి చేసిన పని అన్నది నిజం, మే పాస్టరే తర్వాత దాచకుండా రాశాడు. కానీ ఆ అరెస్టు, ఆ చట్టం వాళ్లు కల్పించినవి కావు. జైలు తలుపు వేసింది ప్రభుత్వం. ఆ తలుపును దేశమంతా చూసేలా చేయడం మాత్రమే వీళ్ల పని.

మూడు విచారణలు, జవాబు లేని ఒక ప్రశ్న

మొదటి విచారణ ఆగస్టులో జరిగింది. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. రెండోది అక్టోబరులో, రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ డాగెట్ ముందు. న్యూయార్క్ వ్యాపారి ఆర్థర్ టాపన్ లాయర్ల ఖర్చు భరించాడు.

ప్రూడెన్స్ లాయర్ల వాదన సూటిగా ఉంది. అమెరికా రాజ్యాంగం నాలుగో అధికరణం ప్రకారం ఒక రాష్ట్ర పౌరులకు మిగతా రాష్ట్రాల్లోనూ అక్కడి పౌరులకుండే హక్కులే ఉండాలి. ఆన్ ఎలైజా రోడ్ ఐలాండ్ పౌరురాలైతే, చదువుకోవడానికి కనెటికట్ రావడాన్ని ఆపే చట్టం చెల్లదు. కాబట్టి మొత్తం కేసు ఒక్క ప్రశ్న మీదికి వచ్చి ఆగింది: స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి మనిషి పౌరుడా, కాదా?

కాదన్నాడు డాగెట్. బానిసలనూ, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లనూ, అమెరికా స్థానిక తెగలవాళ్లనూ పౌరులనడం ఆ మాటకున్న అర్థాన్ని వక్రీకరించడమేనని జ్యూరీకి చెప్పాడు. నల్లవాళ్లకు ఓటు లేకపోవడాన్ని ఆ వైపువాళ్లు ఆధారంగా చూపేవాళ్లు. 1818 నాటి కనెటికట్ రాజ్యాంగం ఓటును తెల్ల మగవాళ్లకే పరిమితం చేసిన మాట వాస్తవం. కానీ ఓటే కొలబద్ద అయితే తెల్ల ఆడవాళ్లు కూడా పౌరులు కాకుండా పోతారు, ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. జ్యూరీ ప్రూడెన్స్‌ను దోషి అంది.

అప్పీలు పైకోర్టుకు వెళ్లింది. 1834 జులైలో శిక్ష కొట్టేశారు. దేని మీద? అనుమతి లేకుండా బడి నడిపిందన్న ముక్క అభియోగ పత్రంలో సరిగ్గా రాయలేదని. మన కోర్టుల్లో ఎఫ్ఐఆర్‌లో లోపం ఉందని కేసు పోవడం లాంటిది. పౌరసత్వం ప్రశ్నను న్యాయమూర్తులు ముట్టుకోలేదు. ఇది తెలివైన పని అనేవాళ్లున్నారు: ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే అది డాగెట్ జవాబే అయ్యే ప్రమాదం ఉండేది, అంతకంటే దాటేయడమే మేలు. పిరికితనం అనేవాళ్లూ ఉన్నారు. నా మట్టుకు నాకు రెండోదే సరైనదనిపిస్తుంది, కారణం తర్వాత జరిగినదే. పైకోర్టు నోరు విప్పలేదు కాబట్టి కింద డాగెట్ అన్న మాట అలాగే నిలిచిపోయింది. 23 ఏళ్ల తర్వాత టేనీ దాన్నే తీసి డ్రెడ్ స్కాట్ తీర్పులో పెట్టుకున్నాడు. శిక్ష పోయింది, మాట మిగిలింది.

ఎదుటివాళ్లు ఏమనుకున్నారు

కనెటికట్ 'స్వేచ్ఛా రాష్ట్రం' కదా, బానిసత్వం దక్షిణాది గొడవ కదా అనిపిస్తుంది. అక్కడ 1784లో మొదలైన రద్దు మెల్లగా సాగి 1848లో గానీ పూర్తి కాలేదు. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసల తిరుగుబాటు జరిగింది. ఆ మరుసటి నెల న్యూ హేవెన్‌లో నల్లజాతి యువకుల కాలేజీ ప్రతిపాదనను ఊరి సభ 700కు 4 ఓట్లతో తిప్పికొట్టింది. ఆ భయం చల్లారకముందే ప్రూడెన్స్ ప్రకటన వచ్చింది.

కాంటర్‌బరీలో వ్యతిరేకతకు ముందు నిలిచినవాడు ఆండ్రూ జడ్సన్. లాయరు, రాజకీయ నాయకుడు, బడికి దగ్గర్లోనే ఇల్లు. ఆయన వాదనలో కొన్ని పైకి మామూలు ఊరి వాదనలే: బయటివాళ్లు వచ్చి పడితే రేపు వాళ్లు నిరుపేదలైతే పోషించే భారం ఊరిదే, ఇళ్ల ధరలు పడిపోతాయి, ఊరిని అడగకుండా ఊరి మీద బడి రుద్దడమేంటి. ఆ రోజుల్లో పేదల పోషణ నిజంగానే ఊరి ఖజానా మీద పడేది, కాబట్టి మొదటిదాన్ని కొట్టిపారేయలేం. కానీ మూడు నెలలకు 25 డాలర్లు కట్టగల ఇంటి పిల్లలను చూసి పేదరికం భయపెట్టిందంటే నమ్మడం కష్టం. జడ్సన్ అసలు మాట వేరే: నల్లవాళ్లు ఈ దేశంలో పైకి రాలేరు, రానివ్వకూడదు, వాళ్ల చోటు ఆఫ్రికా. బానిసత్వం వద్దంటూనే నల్లవాళ్లను ఆఫ్రికాకు పంపించేయాలనే ఈ ధోరణికి అప్పట్లో చర్చిల్లో, పెద్దమనుషుల్లో చాలా గౌరవం ఉండేది.

ఈ జడ్సనే తర్వాత ఫెడరల్ జడ్జి అయ్యాడు. 1840లో ఆమిస్టాడ్ ఓడ కేసు ఆయన ముందుకే వచ్చింది. అందులోని ఆఫ్రికన్లను అక్రమంగా ఎత్తుకొచ్చారని, వాళ్లను తిరిగి పంపాలని తీర్పు చెప్పాడు. మనిషి మారాడని కొందరంటారు. నాకలా అనిపించదు. వాళ్లను ఆఫ్రికాకు పంపడం ఆయన పాత నమ్మకానికి అడ్డు రాలేదు. అయినా ఆ తీర్పు వాళ్ల విడుదలకు దారి తీసింది, అది కాదనలేం. నల్ల చట్టాన్ని కూడా శాసనసభ 1838లో రద్దు చేసింది.

కుటుంబం కట్టిన జరిమానా

కోర్టు కాగితాల్లో ప్రూడెన్స్ పేరొక్కటే ఉంటుంది. దెబ్బ ఇంటిల్లిపాదికీ తగిలింది.

బడి బావిలో పేడ కలిపారు. కొట్లవాళ్లు సరుకు అమ్మలేదు. చర్చి అమ్మాయిలను లోపలికి రానివ్వలేదు. అప్పటికే వయసు పైబడిన పార్డన్ తన పొలం నుంచి నీళ్లు బండి మీద తోలుకొచ్చేవాడు. మీరు మీ అమ్మాయి బడికి వస్తే మీకూ 100 డాలర్లు, మళ్లీ వస్తే 200 జరిమానా అని ఆ తల్లిదండ్రులను బెదిరించారు. మొదట్లో కూతురికి ఇదంతా వద్దని భయపడిన పార్డన్ తర్వాత నీళ్లు మాత్రం ఆపలేదు.

1834 సెప్టెంబరు 9 రాత్రి ఇనప కడ్డీలు, దుడ్డుకర్రలతో గుంపు వచ్చి ఒకేసారి ఇంటి చుట్టూ కిటికీలు పగలగొట్టింది. 90కి పైగా గాజు పలకలు పోయాయి. లోపల ఉన్నది చదువుకోవడానికి వచ్చిన అమ్మాయిలు. చట్టం చేయలేని పని కడ్డీలు చేశాయి. మర్నాడు బడి మూతపడింది. పిల్లలకు ఆ కబురు చెప్పాల్సిన పని మే పాస్టరు మీద పడింది. ఆ మాటలు అంటుంటే గుండె మండిపోయిందని, కాంటర్‌బరీని, కనెటికట్‌ను, దేశాన్ని, తన రంగును తలచుకుని సిగ్గుపడ్డానని రాసుకున్నాడు.

అల్మైరా 1837లో చనిపోయింది. తమ్ముడు రూబెన్ డాక్టరు, మొక్కల శాస్త్రం తెలిసినవాడు. 1835లో వాషింగ్టన్ దగ్గర జార్జ్‌టౌన్‌లో బానిసత్వ వ్యతిరేక కాగితాలు దొరికాయని అతన్ని అరెస్టు చేశారు. ప్రాసిక్యూటరు ఫ్రాన్సిస్ స్కాట్ కీ, తర్వాత అమెరికా జాతీయ గీతమైన పాటను రాసింది ఆయనే. ఎనిమిది నెలలు జైల్లో ఉంచాక 1836లో జ్యూరీ నిర్దోషి అంది. జైల్లో పట్టుకున్న క్షయ మాత్రం వదల్లేదు. 1838లో పోయాడు. అక్క కేసులాగే అతని కేసులోనూ కాగితం మీద గెలుపే.

ఇక పెళ్లి. 1834 ఆగస్టులో, బడి మూతపడటానికి కొన్ని వారాల ముందు, కాల్విన్ ఫిలియో అనే బాప్టిస్టు పాస్టరును చేసుకుంది. పిల్లలున్న విధురుడు, తనకంటే చాలా పెద్ద. మిత్రులకు ఇష్టం లేదు. తర్వాత ఇద్దరూ ఇల్లినాయ్ వెళ్లారు, అక్కడా ఆవిడ పిల్లలకు పాఠాలు చెప్పింది. 1874లో భర్త పోయాక, అన్న హెజికియాతో కలిసి కాన్సస్‌లోని ఎల్క్ ఫాల్స్ చేరింది. 1886లో కనెటికట్ కుర్రాడొకడు సైకిల్ మీద దేశం చుడుతూ ఆవిడ ఇంటికి వెళ్లాడు. 80 దాటిన ఆ పెద్దావిడ అతనితో, తన జీవితమంతా ఎదురీతేనని, అందరికంటే ఎక్కువగా అడ్డుపడింది భర్తేనని చెప్పింది. ఆయన చదివే పుస్తకాలను ఆవిడను చదవనిచ్చేవాడు కాదట, అయినా చదివానంది. అప్పటికి ఆవిడ నమ్మకాలూ మారాయి, చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడవచ్చనే ఆధ్యాత్మికవాదం వైపు మొగ్గింది. భక్తురాలంటే పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకే గుడి మెట్లు ఎక్కే మనిషి అనుకుంటే ఈవిడ ఆ కొలతకు సరిపోదు.

పింఛను, పేరు

అదే 1886లో కాంటర్‌బరీ ఊరివాళ్లు వంద మందికి పైగా సంతకాలు పెట్టి, ఆవిడకు జరిగిన అన్యాయానికి పరిహారం ఇవ్వాలని శాసనసభను అడిగారు. హార్ట్‌ఫర్డ్‌లో ఉండే రచయిత మార్క్ ట్వేన్ కూడా గట్టిగా మాట్లాడాడు. ఏడాదికి 400 డాలర్ల పింఛను మంజూరైంది. నాలుగేళ్లు కూడా పూర్తిగా అందుకోలేదు. 1890 జనవరిలో కన్నుమూసింది. 1995లో కనెటికట్ ఆవిడను రాష్ట్ర వీరవనితగా ప్రకటించింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

పౌరసత్వం ప్రశ్నకు కోర్టు ఇవ్వని జవాబును 1868లో 14వ సవరణ ఇచ్చింది: అమెరికాలో పుట్టి, ఆ దేశ చట్ట పరిధిలో ఉన్నవాళ్లంతా దేశ పౌరులు, తాము నివసించే రాష్ట్ర పౌరులు కూడా. 'చట్ట పరిధిలో' అన్న ఆ మాటకు అర్థమేంటన్న దగ్గరే ఇప్పటి వీసా కుటుంబాల గొడవ మొదలవుతుంది.

ఆ సవరణ వచ్చేనాటికి సారా హారిస్ రోడ్ ఐలాండ్‌లో ఉంది. 1833లోనే జార్జ్ ఫేయర్‌వెదర్ అనే కమ్మరిని పెళ్లి చేసుకుంది. బానిసత్వానికి వ్యతిరేకంగా జరిగే సభలకు వెళ్తూ, పాత టీచరుకు ఉత్తరాలు రాస్తూ ఉండేది. తొలి కూతురికి పెట్టిన పేరు ప్రూడెన్స్ క్రాండల్ ఫేయర్‌వెదర్.